తొమ్మిదో సమాధి

మా నాన్న చిట్టియ్య అబద్ధాలకోరు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేదంతా ఆయన ఇరవై నాలుగేళ్ళపాటు ఊరంతటికీ చెప్పిన ఒక అబద్ధం గురించి.

మా ఊరు పాతరేవు. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంటుంది. మూడొందల ఏళ్ళ కిందట వలందా దొరలు, అంటే హాలెండువాళ్ళు, ఓడల్లో వచ్చి ఇక్కడ గుడ్డల వ్యాపారం చేశారట. దొరలు పోయారు. వాళ్ళ గిడ్డంగి మొండిగోడలూ, దిబ్బ మీద సమాధులూ మిగిలాయి. ఆ దిబ్బకు కాపలా మా నాన్న. పెనుగొండ అమ్మవారి దర్శనం చేసుకుని తిరుగుదారిలో ఆగిన యాత్రికులైనా, విహారయాత్రకని బస్సేసుకుని వచ్చిన కాలేజీ పిల్లలైనా, మనిషి కనబడితే చాలు, ఖాకీ చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. ముందు గిడ్డంగి, తర్వాత సింహం చెక్కిన రాయి, ఆపైన ఎనిమిది పెద్ద సమాధులు. వాటిలో మూడోది ఓడ కెప్టెన్‌దనీ, మునిగిపోయే ఓడను ఒంటిచేత్తో ఒడ్డుకు చేర్చాడనీ చేతులు తిప్పుతూ చెప్పేవాడు. నీకెవరు చెప్పారు నాన్నా అంటే, రాయి మీద రాసి ఉందిగా అనేవాడు. ఆ రాయి మీద సున్నం తప్ప ఇంకేమీ కనబడేది కాదు.

సున్నం ఆయనకు పెద్ద పట్టింపు. మా క్రైస్తవుల పేటలో ఈస్టరుకు ముందు ఎవరివాళ్ళ సమాధులకు వాళ్ళు సున్నం వేసుకుంటాం. దొరలకు వెయ్యడానికి ఎవరున్నారు, నేను తప్ప, అని నాన్న ఏటా మూడు పూతలు, నీలిమందు కలిపి మరీ వేసేవాడు. అవి దూరం నుంచే మల్లెపూలంత తెల్లగా కనబడేవి.

అన్నిటికన్నా చివర, మూల మీద, తొమ్మిదో సమాధి. చాలా చిన్నది. అక్కడికి వచ్చేసరికి నాన్న చేతులు తిప్పడం మానేసేవాడు. "దొరగారి చిన్నకూతురండి. జ్వరంతో పోయింది" అనేవాడు. అంతే. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలకు జ్వరం తగ్గకపోతే తల్లులు వచ్చి ఆ సమాధి మీద చిన్న చిన్న గాజులు పెట్టి వెళ్ళేవారు. మా అమ్మ జ్ఞానమ్మ మాత్రం ఎన్నడూ దిబ్బ ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులనేది. నాకు ఊహ తెలిసేనాటికి ఆవిడకు పాతికేళ్ళే. ఆ వయసులో మోకాళ్ళ నొప్పులేంటని అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

2002 జనవరిలో, రెండో పంట దాళ్వాకు నాట్లు సాగుతున్న రోజుల్లో ఒక జీపు వచ్చి దిబ్బ కింద ఆగింది. అందులోంచి దిగినాయన పేరు జగన్నాథరావు గారు. పాత కట్టడాల సంగతి చూసే ఆఫీసరు. మా ఊరిని పర్యాటక స్థలాల పట్టికలో పెడుతున్నారని చెప్పి, గేటు తీయించి సమాధులు చూశారు. చూసి నెత్తి పట్టుకున్నారు.

"ఎవరయ్యా ఈ సున్నం వేసింది?"

"నేనేనండి. ఏటా మూడు పూతలండి" అన్నాడు నాన్న, మెచ్చుకుంటారనుకుని.

"మరి అక్షరాలేవి?"

"లోపలున్నాయండి."

"లోపలుంటే ఎవరు చదువుకుంటారు? ఆ పడుకున్నవాళ్ళా?"

ఆయన చేతిలో కాగితం ఉంది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఎవరో రాసి పెట్టిన పట్టిక. దాన్ని పట్టుకుని ఒక్కొక్కటే లెక్క చూసుకుంటూ వచ్చి, మూల మీద ఆగిపోయారు. పట్టికలో ఉన్నవి ఎనిమిదే. ఆయన వంగి, అంచున పెచ్చు లేచిన చోట వేలితో తడిమారు. ఇటుక పల్చగా ఉంది, గిడ్డంగి గోడల్లో ఉన్నటువంటిదే. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇది ఎవరికీ దొరకని సమాధయ్యా. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం హాలెండు నుంచి ఒకావిడ వస్తోంది. వాళ్ళ ముత్తాతల్లో ఒకాయన ఇక్కడే పోయాడు. ఆయన కూతురు కూడా ఇక్కడే పోయిందని వాళ్ళింటి కాగితాల్లో ఉందట. ఆ పిల్లదే అయ్యుంటుంది. సున్నమంతా తీయించు. ఇనుము తగలకూడదు. తడి గోనెలు కప్పి, వెదురు బద్దలతో గోకించు. ఏ సమాధి మీద ఏం కనబడితే అది నువ్వు పుస్తకంలో ఎక్కించమ్మా" అన్నారు నా వైపు తిరిగి. నేను బి.ఏ. చదివి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. హాలెండు ఆవిడ వచ్చినప్పుడు మాటలు తర్జుమా చేసే పని కూడా నా మీదే పెట్టారు.

మా నాన్న ఎంతో సంబరపడతాడనుకున్నాను. ఆయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, అన్నం కెలికి, చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ అరుగు మీద లేసు అల్లుతూ కూర్చుంది. నేను ఊరికే, నాన్నకు ఒంట్లో బాగోలేదా అని అడిగాను. అమ్మ సూది ఆపింది.

"అక్కడున్నది దొర కూతురు కాదే. మీ అక్క."

నాకొక అక్క ఉండేదని తెలుసు. కృపారాణి. నేను పుట్టకముందే రెండేళ్ళ పిల్ల జ్వరంతో పోయిందనీ, పెనుగొండ దగ్గర అమ్మమ్మగారి ఊళ్ళో పూడ్చారనీ చెప్పేవారు. అదే అందరికీ తెలిసింది.

"డెబ్బై ఏడు తుపాను వారం" అంది అమ్మ. ఆవిడ నా వంక చూడటం లేదు. "మన సమాధుల తోట నడుం లోతు నీళ్ళలో ఉంది. పేటలో నలుగురు పోయేరు. పొడినేలంటే దిబ్బొక్కటే. తాళం మీ నాన్న దగ్గరుంది. సత్తియ్య వాళ్ళమ్మని భుజాన మోసుకొచ్చి, అన్నా, ఓ మూల పెట్టుకుంటాను అని కాళ్ళ మీద పడ్డాడు. ఇది సర్కారు దిబ్బ, పెట్టనిస్తే ఉద్యోగం పోద్దన్నాడు మీ నాన్న. అందరికీ అదే చెప్పేడు. సత్తియ్య పాపం కాలవగట్టు మీద పూడ్చుకున్నాడు. ఆ రాత్రే గట్టు తెగిపోయింది. ఆవిడ శవం కూడా మళ్ళీ దొరకలేదు."

"తర్వాత?"

"మూడో రోజు మన పిల్ల పోయింది. తెల్లారకుండా తీసుకెళ్ళేడు. వానకి మట్టి కొట్టుకుపోయి పాత సమాధి బయటపడిందని ఊళ్ళో చెప్పేడు. గిడ్డంగి ఇటుకలేరి కట్టేడు. నువ్వు అక్కడికొచ్చి ఏడిస్తే నలుగురికీ తెలిసిపోద్ది, రావద్దన్నాడు. నేను వెళ్ళలేదు." అమ్మ మళ్ళీ సూది అందుకుంది కానీ అల్లలేదు. "తడి సిమెంటు మీద మేకుతో పేరు రాసేడంట. అది ఇంకా ఉంటది, సున్నం కింద."

నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. సత్తియ్య బాబాయ్ మా పేటలో తాపీమేస్త్రీ. నాన్నను నోరారా అన్నా అని పిలుస్తాడు. మా వంటగది గోడ పడిపోతే పైసా పుచ్చుకోకుండా కట్టిపెట్టాడు. సున్నం గోకడానికి నాన్న కుదిర్చిన మనిషి కూడా ఆయనే. ఊళ్ళో వేరే మేస్త్రీ లేడు.

పని మొదలయ్యాక ఒక్కో సమాధికి రెండేసి రోజులు పట్టింది. తడి గోనె కింద సున్నం నాని, పొరలు పొరలుగా వచ్చేది. పొరకో ఏడాదమ్మా అని సత్తియ్య బాబాయ్ నవ్వుతూ గోకేవాడు. మొదటి రాయి మీద ఓడ బొమ్మ బయటపడింది. రెండో దాని మీద సింహం. నేను అక్షరాలు పుస్తకంలో ఎక్కిస్తున్నాను. నాన్న అటూ ఇటూ తిరుగుతూ, చిన్నదాన్ని వదిలేస్తే పోలేదా, పసిపిల్లది, దాని మీద ఏముంటుందిరా అని రోజుకోసారి అనేవాడు. "ఆఫీసరుగారు ముఖ్యంగా చెప్పింది దాని గురించే కదన్నా" అనేవాడు బాబాయ్.

ఎనిమిదోది పూర్తయిన మర్నాడు తెల్లవారుతుండగా నాన్న ఉలి పట్టుకుని గుమ్మం దాటబోయాడు. అమ్మ అడ్డంగా నిలబడింది.

"ఏం చేద్దామని?"

"పైపైన కాస్త చెక్కేస్తాను. పేరు పోతే ఇంకేం భయం ఉండదు. దొరల పిల్లగానే ఉంటది. సర్కారోళ్ళే గోడ కడతారు, పలక పెడతారు. మన పిల్ల చల్లగా ఉంటది."

"ఆ ఒక్క పేరుందని బతికేను. అది చెరిపితే నేనీ ఇంట్లో ఉండను" అంది అమ్మ. అరవలేదు, ఏడవలేదు. నాన్న ఉలి తెచ్చి మంచం కింద పెట్టేశాడు.

ఆ రోజే జగన్నాథరావు గారు కెమెరా మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళు సింహం రాయి దగ్గర ఫొటోలు తీసుకుంటున్నారు. నేను పుస్తకం పట్టుకుని సత్తియ్య బాబాయ్ పక్కన కూర్చున్నాను. నాన్న గేటు దగ్గరే ఉండిపోయాడు. వెదురు బద్ద కింద సున్నం లేస్తోంది. పదిహేను పొరలు, ఇరవై పొరలు. అడుగున సిమెంటు రంగు కనబడింది. దాని మీద ఒక వంకర గీత, పక్కన ఇంకో గీత. బాబాయ్ నీళ్ళు చల్లి బొటనవేలితో రుద్దాడు. 'కృ' వచ్చింది. తర్వాత 'పా'.

ఆయనకు చదువు అంతంతమాత్రం. గొంతులోనే కూడబలుక్కున్నాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు.

"మీ అక్క పేరేంటమ్మా?"

పుస్తకం మీద కలం పెట్టి అలాగే ఉండిపోయాను. ఆయన గేటు వైపు చూశాడు. నాన్న అక్కడ గేటు ఊచ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎంతసేపు చూసుకున్నారో నాకు తెలియదు.

"ఏమైనా కనబడిందా మేస్త్రీ?" జగన్నాథరావు గారు ఇటే వస్తున్నారు.

సత్తియ్య బాబాయ్ చేతికందిన తడి సున్నం ముద్ద తీసి ఆ రెండక్షరాల మీద మెత్తాడు. అరచేత్తో నున్నగా పామాడు.

"ఏం లేదండి. ఉత్త సిమెంటండి. ఎవరో తర్వాత మెరుగు పెట్టినట్టున్నారు."

"అయ్యో. సరే, అలాగే ఉంచు. ఇటుక పాతదే కదా, చాలు."

సత్తియ్య బాబాయ్ రోజూ పని ముగించాక మా ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళేవాడు. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మా వీధిలోంచే పనికి వెళ్ళేవాడు, మా వీధిలోంచే వచ్చేవాడు. నాన్నను తిట్టలేదు. పేటలో ఎవరికీ చెప్పలేదు కూడా. చెబుతాడేమోనని మేము ముగ్గురం ప్రతి అడుగుల చప్పుడుకూ ఉలిక్కిపడుతూ పన్నెండు రోజులు గడిపాం. వీధిలో ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే నాన్న లేచి తలుపు దగ్గరికి వెళ్ళేవాడు. "వచ్చి నాలుగు తన్నినా బాగుండును" అన్నాడొకసారి.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యేసరికి పేట పేటంతా దిబ్బ చుట్టూ చేరింది. హాలెండు ఆవిడ పేరు యోహానా. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర పట్టుకుని నడిచింది. చేతిలో తెల్ల చామంతుల కట్ట ఉంది. నాన్న ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలో ముందు నడిచాడు. ఆయన తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లీషులో చెప్పడం. గిడ్డంగి అయింది. మూడో సమాధి దగ్గర నాన్న అలవాటు కొద్దీ కెప్టెన్‌ను మొదలెట్టాడు. ఆవిడ వంగి రాతి మీది అక్షరాలు పైకి చదివి, నవ్వి, ఈయన ఓడ నడపలేదు, అద్దకం గుడ్డలు అమ్మేవాడు, ఇక్కడ పోయిన మా ముత్తాత ఈయనే అంది. నేను తర్జుమా చేశాను. జనం గొల్లున నవ్వారు. నాన్న నవ్వలేదు. ఇన్నేళ్ళు తాను కాపలా కాసిన రాయి వంక కొత్తగా చూశాడు.

తర్వాత మూలకు వెళ్ళాం.

జగన్నాథరావు గారు ఆవిడకు ముందే ఉత్తరం రాసి ఉన్నారు. ఆవిడ చిన్న సమాధి చూడగానే కర్ర పక్కన పెట్టేసి, మోకాళ్ళ మీద కూర్చుని, సున్నం మీద చెయ్యి ఆనించింది. ఈ పాప గురించి మీ నాన్నగారికి తెలిసిందంతా చెప్పమనండి అంది నాతో. నేను నాన్నతో చెప్పాను.

"ఇది దొరగారి..." అని నాన్న ఆగాడు.

గోడ వారగా సత్తియ్య బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. చూస్తున్నాడంతే.

"చెప్పవయ్యా, ఎప్పుడూ చెప్పేదేగా" అన్నారు జగన్నాథరావు గారు.

"ఇది మా పెద్దమ్మాయండి" అన్నాడు నాన్న.

నాన్న ఆఫీసరుగారి కేసి తిరిగి మాట్లాడుతున్నాడు గానీ చూపు గోడ దగ్గరే ఉంది.

"తుపానప్పుడు సత్తియ్య వాళ్ళమ్మని తెస్తే చోటు లేదన్నానండి. పేటలో పోయినోళ్ళందరికీ లేదన్నానండి. మూడో రోజు మా పిల్లకి చోటు తీశానండి. తాళం నా చేతిలో ఉందండి, అందుకని. పేరు సున్నం కింద ఉందండి. సత్తియ్య చూశాడండి. చూసి కూడా నన్ను బయటపెట్టలేదండి."

యోహానా గారు నా వైపు చూస్తోంది. స్కూల్లో మూడో తరగతి పిల్లలు కూడా చెప్పగలిగే ఇంగ్లీషు అది. దొరల పిల్లేనని ఒక్క ముక్క చెప్పేస్తే ఆవిడ మటుకు సంతోషంగా వెళ్ళిపోయేది. అలా చెప్పాలని నాకు అనిపించింది కూడా. చివరికి నాన్న చెప్పింది చెప్పినట్టే చెప్పాను. ఆవిడ సమాధి మీంచి చెయ్యి తియ్యకుండానే అడిగింది.

"పాపకు ఎన్నేళ్ళు?"

"రెండేళ్ళ మూడు నెలలు" అని వెనక నుంచి వినబడింది.

అమ్మ దిబ్బ ఎక్కి వచ్చింది. ఎప్పుడు ఎక్కిందో ఎవరం చూడలేదు. నేరుగా వచ్చి సమాధి పక్కన కూలబడింది. యోహానా గారు చేతిలోని పూలకట్ట విప్పి, సగం పూలు అమ్మ ఒడిలో పెట్టింది. అమ్మ వాటి వంక చూడలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా, ఇన్నేళ్ళుగా అలవాటైన పద్ధతిలోనే ఏడ్చింది.

ఆ సాయంత్రం జగన్నాథరావు గారు నాన్నను పక్కకు పిలిచారు. "నీ మీద రాయాలంటే చాలా రాయొచ్చు చిట్టియ్యా. రాయను. ఈస్టరు లోపల అది ఇక్కడ ఉండకూడదు. నువ్వు కూడా ఉండకూడదు" అన్నారు. నాన్న దిబ్బ తాళం ఆయన చేతిలో పెట్టి వచ్చేశాడు.

పేట మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. తుపాను వారం నీళ్ళలోనే తమవాళ్ళను పూడ్చుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక ముసలావిడ మా గుమ్మంలో నిలబడి దుమ్మెత్తిపోసింది. నాన్న తల వంచుకుని అంతా విన్నాడు. చర్చిలో మా బెంచీ మీద మా పక్కన ఎవరూ కూర్చోలేదు. సత్తియ్య బాబాయ్ ఎప్పటిలాగే ఏమీ అనలేదు. నాకు ఆ మౌనం చూస్తే ఒళ్ళు మండేది. తప్పు మాదే అయినా మండేది.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు పాస్టరు గారిని పిలుచుకుని దిబ్బ మీది సమాధి విప్పాం. ఏముంటుంది, రెండు గుప్పిళ్ళ మట్టి, కాసిని ఎముకలు. అమ్మ వాటిని తానల్లిన లేసు గుడ్డలో మూట కట్టి గుండెలకు ఆనించుకుంది. పేట సమాధుల తోటలో గొయ్యి తవ్వడానికి ఒక్కరూ రామన్నారు. నాన్నే పార పట్టుకుని ముందు నడిచాడు.

మేము వెళ్ళేసరికి గొయ్యి తవ్వేసి ఉంది. సత్తియ్య బాబాయ్ మట్టి చేతులతో గట్టున కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. ఇటుకలూ సిమెంటూ కూడా తెచ్చి పెట్టాడు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. చర్చి గంట మోగింది. పేటలో ఎవరు చనిపోయినా మోగే గంట, మా అక్కకు ఇరవై నాలుగేళ్ళ తర్వాత మోగింది. అది వినగానే అమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు జారిపోయింది. మొదటిసారి, పేటంతా వినబడేలా, పిల్ల పేరు పెట్టి ఏడ్చింది. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. మా గుమ్మంలో దుమ్మెత్తిపోసిన ముసలావిడ కూడా వచ్చింది.

గొయ్యి పూడ్చాక సత్తియ్య బాబాయ్ లేచి, పిల్ల సమాధి పక్కన తాడుతో కొలిచి, ఒక పెద్ద మనిషికి సరిపడా చోటుకు నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు. అక్కడ గొయ్యి లేదు. ఎవరికని నాన్న అడగలేదు. తాపీ అందుకుని, సిమెంటు కలిపి, ఆ ఖాళీ చోటు చుట్టూ మొదటి వరస పేర్చడం మొదలుపెట్టాడు.

"మా అమ్మది నేను కట్టుకుంటాలే" అన్నాడు సత్తియ్య బాబాయ్.

నాన్న ఆగలేదు. బాబాయ్ కాసేపు చూసి, వంగి ఇటుకలు అందివ్వసాగాడు.